బీరువాను వెనక్కి తిప్పి చూడండి

శ్రీకూర్మం బంగాళాఖాతానికి దగ్గర్లో ఉన్న ఊరు. ఇక్కణ్ణించి కళింగపట్నం దాకా, ఇటు శ్రీకాకుళం దాకా పాత ఇళ్లలో టేకు తలుపులూ బీరువాలూ ఏడాదిలో రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో భుజం ఆనించి నెట్టందే తెరుచుకోవు. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పొడిగాలి రోజుల్లో వేలితో తోస్తే చాలు. చేసినవాడికి పని రాదని ఇంటివాళ్లు విసుక్కోవడం మామూలే గానీ, తప్పు వడ్రంగిది కాదు. కలప నరికి నూరేళ్లయినా గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. ఆ మేరకు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పాత సామాను గొప్పతనం చెప్పేవాళ్లు చెక్కడాల్నీ పాలిష్‌నీ చూపిస్తారు, మహా అయితే దొంగ అరల్ని చూపిస్తారు. వాటిని నేను రెండో వరసలో కూర్చోబెడతాను. పాత బీరువాలో అన్నిటికంటే లోతుగా దాగి ఉన్నది కలప కదలడానికి చేసినవాడు ముందే లెక్కవేసి వదిలిన చోటు. అది వదలడం ఒక విద్య, వదిలినట్టు తెలియనివ్వకపోవడం ఇంకో విద్య. దొంగ అరతో సహా మిగతా చమత్కారాలన్నీ ఆ రెండింటి మీద నిలబడ్డవే. ఇందుకు సాక్ష్యం దూరదేశాల్లో వెతకక్కర్లేదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో తయారై లండన్ రాజమందిరం దాకా వెళ్లిన దంతపు సామానే చాలు.

ముందు కలప సంగతి. పచ్చి దుంగలో నీరు రెండు చోట్ల ఉంటుంది, కణాల బోలులో కొంత, కణాల గోడల్లో కొంత. చెట్టు కొట్టాక మొదట బోలులోని నీరు పోతుంది. అప్పటిదాకా దుంగ కొలత మారదు. ఎండిన కలప బరువుతో పోలిస్తే తేమ 28 శాతం దరిదాపులకు దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పట్నించే కలప కుంచించుకుపోతుంది. అయితే అన్ని వైపులా ఒకే తీరున కాదు. కణాల గోడల్లోని సెల్యులోజు పోగులు దాదాపుగా మాను పొడవునే సాగి ఉంటాయి, నీటి అణువులు ఆ పోగుల మధ్య దూరి వాటిని పక్కలకు నెడతాయి. వరిగడ్డి కట్టను తడిపితే లావెక్కుతుంది గానీ పొడుగవదు, కలపదీ అదే తీరు. పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేసరికి టేకు పొడవులో తగ్గేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మాను మధ్య నుంచి బెరడు వైపుకు కొలిస్తే సుమారు 2.5 శాతం, వయసు వలయాల వెంబడి కొలిస్తే 5.8 శాతం దాకా తగ్గుతుంది. కదలిక తక్కువని పేరున్న టేకు సంగతే ఇది. ఒకే పలక మూడు దిక్కుల్లో మూడు లెక్కల్లో కదులుతుందన్నమాట. దుంగ ఎండితే చుట్టూ పగుళ్లిచ్చేదీ, వలయాల వెంబడి కోసిన పలక, అంటే అడ్డకోత పలక, వంకర తిరిగేదీ ఈ తేడా వల్లే. అడుగు వెడల్పున్న అడ్డకోత టేకు పలకను కోస్తా తేమలోంచి తీసి, చలికాలంలో వేడిచేసిన లండన్ గదిలో పెడితే దానిలోని తేమ 14 శాతం నుంచి 7 శాతానికి దిగవచ్చు. అప్పుడా పలక వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కదలకుండా నాలుగు వైపులా మేకులు కొడితే పలక ఆగదు, చీలుతుంది.

పాత వడ్రంగం ఈ లెక్కను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా దాని జవాబు ప్రతి మంచి బీరువా తలుపులోనూ ఉంది. తలుపును ఒకే వెడల్పాటి చెక్కతో చేయకుండా సన్నటి కమ్ములతో చట్రం కట్టి, చట్రం లోపలి అంచున గాడి తీసి, ఆ గాడిలో పలకను వదులుగా నిలిపారు. చట్రం కమ్ముల పొడవు మారదు కాబట్టి తలుపు కొలత దాదాపు స్థిరంగా ఉంటుంది. కదిలేదల్లా పలకే, అదీ గాడి లోపల, ఎవరికీ కనపడకుండా. గాడిలో జిగురు ఉండదు, మేకు ఉండదు. శీతకాలంలో ఇలాంటి తలుపును దగ్గరగా చూస్తే పలక అంచు వెంట దారమంత సన్నటి పాలిపోయిన గీత కనిపిస్తుంది. పాలిష్ పెట్టిన రోజున గాడిలో దాగి ఉన్న చెక్క అది. ఏళ్ల తర్వాత పలక కుంచించుకుంటే బయటికి వచ్చింది. కొనేవాళ్లు దాన్ని లోపం అనుకుని మైనం పూయించేస్తుంటారు. నా లెక్కలో అది చేసినవాడి సంతకం. సొరుగును బయటికి లాగి బోర్లించినా ఇదే తెలివి కనిపిస్తుంది. అడుగు చెక్క మూడు పక్కలా గాడుల్లో జారి ఉంటుంది. వెనక అంచు మాత్రం వెనక పలక కిందుగా కొంచెం బయటికి పొడుచుకొచ్చి, ఒకటో రెండో మేకులతో ఆగి ఉంటుంది. పనివాడు మతిమరుపుతో మిగిల్చిన ముక్క కాదది. చెక్క కుంచించుకున్నప్పుడు ముందుకు జరపడానికి ఉంచిన నిల్వ. పందిరిమంచంలో పట్టెల కూసాలు కోళ్ల తొర్రల్లో దిగి, జిగురు లేకుండా చీలలతోనే బిగిసి ఉండటం కూడా ఈ కోవలోదే. విప్పి మరో ఊరు మోసుకెళ్లడానికి ఎంత అనువో, కలప కదలికకు అంత అనువు.

ఇక విశాఖ సంగతి. ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది 1680ల్లో, ప్రధానంగా బట్టల కోసం. రేవు ఉంది, ఓడలు వచ్చిపోతున్నాయి, టేకు, జిట్రేగి, నల్ల ఎబొనీ, గంధపు చెక్క, ఏనుగు దంతం అన్నీ చేతికి అందుతున్నాయి, అన్నిటికీ మించి సన్నపని తెలిసిన కంసాలులున్నారు. ఉత్తరాన శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్ సర్కారుకు పీఠం. కంపెనీ దొరలు ఇంగ్లండు నమూనాల కుర్చీలు, రాతబల్లలు, అద్దపు బీరువాలు చేయించుకుంటే పనివాళ్లు వాటి మీద దంతం పొదిగి, పూలతీగల అంచులు చెక్కారు. ఆ తీగల్లో చాలావరకు ఈ తీరపు అద్దకం బట్టల అంచుల నుంచి వచ్చినవని చూడగానే అర్థమవుతుంది. 1860 ప్రాంతంలో ఒక ఇంగ్లీషు అధికారి ఈ పనిని విశాఖలో ప్రవేశపెట్టాడని బ్రిటిష్ కాలపు రాతల్లో ఓ మాట ఉంది. ఇది నిలిచే మాట కాదు. 1756లోనే మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి విశాఖ పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాశాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామాను 1781లో ఇంగ్లండులో వేలానికి వస్తే, అందులోని దంతపు ఆసనాలను మూడవ జార్జి రాజు రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పనితనం ఉంది. పరిశోధకుడు అమీన్ జాఫర్ 2001లో వెలువరించిన పుస్తకం ఈ సామాను చరిత్రను వివరంగా తవ్వి చూపింది. ఏలినవారు నేర్పితే వచ్చిన పని అనే కథకు ఇన్ని ఆధారాల ముందు చోటు లేదు.

ఈ దంతపు పని ఎలా చేసేవారో దక్షిణ భారతంలోని కులాలూ తెగల మీద 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాల్లో కంసాలుల గురించి చెప్పిన చోట ఉంది. అప్పటికి పెద్ద బీరువాల కాలం పోయి చిన్న పెట్టెల కాలం వచ్చింది. గంధపు చెక్క పెట్టె మీద పలచటి దంతపు రేకులో, కొమ్ము రేకులో, చీల్చిన ఏదుపంది ముళ్లో పరుస్తారు. దంతం మీద సన్నని ఉలితో బొమ్మ గీసి, ఆ గీతల్లో నల్లటి మైనాన్ని వేడి పనిముట్టుతో కరిగించి నింపుతారు. పాత బీరువాల్లో ఈ పనికి నల్ల లక్క వాడేవారు. ఎక్కువైనది గీకేసి, మేడి జాతికి చెందిన ఒక చెట్టు గరుకాకుతో రుద్ది నునుపు తెస్తారు. ప్రతి మెట్టుకూ ఓ శాస్త్ర కారణం ఉంది. లక్క అనేది చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు విడిచే జిగట పదార్థం. నీళ్లు మరిగేంత వేడి కూడా లేకుండానే మెత్తబడి, చల్లారగానే గట్టిపడి గీతను వదలకుండా పట్టుకుంటుంది. ఆ ఆకు గరుకుదనం దాని మీది నూగులో పేరుకున్న సిలికా వల్ల వస్తుంది. ఇసుక కాగితం కంటే మృదువుగా, దంతానికి గీతలు పడకుండా అరగదీస్తుంది. గంధపు చెక్కను ఎంచుకున్నది వాసన కోసమే అనుకుంటే పొరపాటు. అది దట్టమైన సన్నపోగు కలప, కదలిక తక్కువ, పురుగు పట్టదు.

దంతానిది మరో పేచీ. అది కలపలా బోలు కణాల కట్ట కాదు, ఎముకలోని ఖనిజమూ కొల్లాజెన్ అనే మాంసకృత్తీ కలిసి గట్టిపడిన ముద్ద. అయినా తేమ తగిలితే అదీ ఉబ్బుతుంది, కలప ఉబ్బే లెక్కలో మాత్రం కాదు. వెడల్పాటి చెక్క మీద వెడల్పాటి దంతపు రేకును జిగురుతో అంటిస్తే, రెండూ రెండు దారుల్లో లాక్కుని రేకు పగలక తప్పదు. విశాఖ పనివాళ్లు పట్టుకున్న కిటుకు ఇక్కడుంది. తీగలు, ఆకులు, పూరేకులు అంటూ నమూనాను ముక్కలు ముక్కలుగా విడగొట్టి టేకులోనో జిట్రేగిలోనో పొదిగారు. రేకు మొత్తంగా పరచాల్సి వస్తే చిన్న పలకలుగా కోసి, జిగురుతో పాటు సన్నటి దంతపు మేకులు దించారు. ప్రతి ముక్కా చిన్నది కాబట్టి ప్రతి అతుకు మీదా పడే లాగుడు కొంచెమే. పూలతీగ చూడటానికి అందం, చేసినవాడికి అదే రక్షణ. ఈ లెక్కంతా విశాఖ గాలికి వేసింది, లండన్ గదుల వేడికి కాదు. అందుకే అక్కడికి చేరిన సామానులో పగిలే అవకాశం పెద్ద రేకులకే ఎక్కువ, పొదిగిన చిన్న ముక్కలకు తక్కువ.    

దొంగ అరల దగ్గరికి వద్దాం. 18వ శతాబ్దపు ఇంగ్లీషు నమూనా రాతబల్లలో వాలు మూత తెరిస్తే లోపల గూళ్ల వరస, నడుమ చిన్న తలుపు, దానికి అటూ ఇటూ అలంకారం కోసం పెట్టినట్టుండే రెండు చిన్న స్తంభాలు. ఆ స్తంభాన్ని పట్టి లాగితే పుస్తకం అట్టలా నిలువుగా ఓ సన్నటి పెట్టె బయటికి వస్తుంది, పత్రాలు దాచేది. నడుమ అరను మొత్తంగా బయటికి లాగితే దాని వెనక ఇంకో రెండు మూడు బుల్లి సొరుగులు. ఈ నమూనా మీద చేసిన విశాఖ రాతబల్లల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. జర్మనీలో రోంట్‌గెన్ తండ్రీకొడుకుల కార్ఖానాలో 1779 ప్రాంతంలో చేసిన రాతబీరువాల్లో తాళంచెవి తిప్పితే స్ప్రింగులతో అరలు వాటంతటవే తెరుచుకునే ఏర్పాట్లు కూడా పెట్టారు. చూసేవాళ్లు యంత్రాన్ని చూసి ముచ్చటపడతారు. దానికన్నా కష్టమైన సంగతి ఒకటుంది. దొంగ అర చుట్టూ సందు కనపడితే గుట్టు రట్టవుతుంది, సందు లేకపోతే శ్రావణంలో బిగుసుకుపోయి యజమానికే అందదు. ఈ రెండింటి మధ్య మిగిలే చోటు వెంట్రుకవాసి. అందుకే దొంగ అరలు దాదాపు ఎప్పుడూ ఇరుకుగా, కలప పోగు నిలువుగా ఉండేట్టు చేస్తారు. 4 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు ముక్క విశాఖ నుంచి లండన్ చేరినా అర మిల్లీమీటరే కుంచించుకుంటుంది, నిలువులో మారేది లెక్కలోకే రాదు. చిన్నది దాచడం తేలిక కాబట్టి చిన్నదిగా చేశారని అంటారు. అదీ ఒక కారణమే. అయితే అడుగు వెడల్పు దొంగ సొరుగును ఈ తీరంలో ఏడాది పొడవునా దాచి ఉంచడం టేకుతో అయ్యే పని కాదన్నది అంతకన్నా గట్టి కారణం. దొంగ అరను పట్టడానికీ కొలతే సాధనం. బీరువా బయటి లోతు, సొరుగు లోపలి లోతు కొలవాలి. తేడా చెక్కల మందానికి మించి ఉంటే వెనక ఏదో ఉన్నట్టే.

ఈ వాదన మీద వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. పాతవన్నీ మంచివేం కావు, పాడైనవి పొయ్యిలోకి పోయాయి, మిగిలినవి చూసి మురిసిపోతున్నాం అంటారు. అందుకే వయసును నేను ప్రమాణంగా తీసుకోను. పాతవాటిలో చేతగానితనం కూడా మిగిలి ఉంది, చూసే కన్ను ఉండాలి అంతే. పేరున్న ఇంగ్లీషు పనిలో కూడా సొరుగులు జారే బద్దలను పక్క పలకకు అడ్డంగా మేకులతో బిగించేసిన బీరువాలు బోలెడు. వాటి పక్కలు ఆ మేకుల వెంబడే నిలువునా చీలి ఉంటాయి. పక్కపక్కనే ఉన్న ఈ రెండు రకాల పాత సామాను చూస్తే తేడా వయసులో లేదని, వదిలిన చోటులో ఉందని తేలిపోతుంది. రెండో అభ్యంతరం రూపం గురించి. కుర్చీ ఇంగ్లీషుది, బీరువా ఇంగ్లీషుది, మనవాళ్లది కాపీ పనే కదా అని. రూపం అరువు తెచ్చుకున్నదే, కాదనను. ఇంగ్లండులో నమూనా గీసినవాడికి దంతం, టేకు, తీరపు తేమ ఒకచోట చేరితే ఏమవుతుందో తెలియదు. ఆ సమస్యను విప్పినవాళ్లు ఇక్కడివాళ్లు. కొన్న దొరల పేర్లు కాగితాల మీద నిలిచాయి, విప్పిన చేతుల పేర్లు ఎక్కువగా పోయాయి.

మూడో అభ్యంతరం ప్లైవుడ్ పక్షం నుంచి వస్తుంది, ఇది గట్టిది. పలచటి పొరల్ని పోగు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి అంటిస్తే ఒక పొర కదలబోతే మరో పొర ఆపుతుంది, పలక దాదాపుగా ఎటూ కదలదు. గాడులూ చట్రాలూ ఎందుకిక? మంచి ప్లైవుడ్ విషయంలో ఈ మాట ఒప్పుకోవాలి. వెడల్పాటి పలక కావాలంటే అది శాస్త్రీయమైన పరిష్కారం, పాత వడ్రంగులకు దొరికితే వాళ్లూ వాడేవాళ్లే. కానీ ఇవాళ తక్కువ ధరకు వచ్చే బీరువాల్లో ఎక్కువ భాగం ప్లైవుడ్ కాదు, రంపపు పొట్టునూ చెక్క తునకల్నీ జిగురుతో ఒత్తి చేసిన పార్టికల్ బోర్డు. అంచు తడిసిందా, ఒత్తిడికి అణిగి ఉన్న తునకలు ఉబ్బి విచ్చుకుంటాయి. ఎండబెట్టినా వెనక్కి రావు. మరలు పట్టు వదిలేస్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చిపోయిన తీరమిది. ఇంట్లోకి నీళ్లొస్తే టేకు బీరువా ఉబ్బి, ఆరి, చాలావరకు మళ్లీ తన కొలతకు వస్తుంది. పాత అతుకుల్లోని తోలు జిగురు వేడికీ తడికీ కరుగుతుంది కాబట్టి అతుకు ఊడినా మళ్లీ పెట్టవచ్చు. బాగుచేసుకోవడానికి వీలుండటం కూడా చేసినప్పుడే అందులో దాచిన గుణం. కొత్త సామానును నేను తప్పుపట్టేది ఇక్కడే. ఆ గుణాన్ని లెక్కలోంచి తీసేశారు.

కలప కదలికను ఎదుర్కోవడానికి అతుకులు పెట్టడం ఒక దారి అయితే, అతుకే లేకుండా చేయడం ఇంకో దారి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువారు చేస్తున్న వీణలు ఆ రెండో దారివి. కుండ, దండి కలిపి ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు, ఏకాండి వీణ అని అందుకే పేరు. చుట్టుకొలత ఎక్కువ తగ్గి, అడ్డకొలత తక్కువ తగ్గడం వల్లే దుంగ పగులుతుందని ముందు చెప్పుకున్నాం. నడుమ చేవను తొలిచేసి పలచటి గోడ మిగిల్చితే ఆ లాగుడుకు చోటు దొరుకుతుంది, కలప లోపలా బయటా సమంగా ఆరుతుంది. నాదం కోసం చేసే బోలు పగులు నుంచి కూడా కాపాడుతోంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వీణలు ఇంకా తయారవుతున్నాయి. దంతపు పని మాత్రం ఆగింది, ఆగడమే మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ చేసిన సవరణలతో దేశంలో దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. ఏనుగుల ప్రాణాల మీద నడిచిన పనిని మెచ్చుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు: ముక్కలుగా పొదగాలన్న తెలివిని మెచ్చుకుంటాను, కొత్త దంతం మీద ఒక్క గీత గీయడాన్ని కూడా ఒప్పుకోను.

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఇంకా భోషాణాలు, పందిరిమంచాలు, పడక కుర్చీలు మిగిలే ఉన్నాయి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు ముందు పోయేవి అవే. అమ్మే ముందు ఒక్కసారి బీరువాను వెనక్కి తిప్పండి. వెనక చెక్క మీద రంపపు గాట్లు సూటిగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతిరంపం, విల్లులా వంపు తిరిగి ఉంటే గుండ్రటి మరరంపం. మరమేకు కొన మొద్దుగా, తలలోని గాడి పక్కకు జరిగి ఉంటే అది 19వ శతాబ్దపు నడుమకు ముందుది కావచ్చు. గుండ్రటి బల్లను రెండు వైపులా కొలిస్తే ఒక వైపు కొంచెం తక్కువ రావాలి, పాత బల్ల కోలగా మారకుండా ఉండదు. దంతమని చెప్పిన చోట భూతద్దం పెట్టి చూడండి. సన్నటి నల్లచుక్కలు కనిపిస్తే అది ఎముక. అడ్డకోతలో ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపిస్తే ఏనుగు దంతం. అదే నిజమైతే దాన్ని అమ్మడం నేరమని కూడా గుర్తుంచుకోండి. పాలిష్ పేరుతో యంత్రంతో గీకించకండి. నూరేళ్ల పైపొరతో పాటు పలక అంచున ఉన్న ఆ పాలిపోయిన గీత కూడా పోతుంది. లక్క పాలిష్ పలచగా వేస్తే చాలు. నూరేళ్లు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు ఏ వ్యాపారికీ లేదు.